అంగట్లో ధర తప్పు పడితే: తరచుగా అడిగే ప్రశ్నలు

కడపలోనూ, ప్రొద్దుటూరు, మైదుకూరు వైపునా అంగళ్లకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టడం, అది మొరాయిస్తే పోయి సరిచేయడం నా పని. ధర తప్పు పడిన రోజు అంగడాయన నాకు ఫోన్ చేసి తిడతాడు, కొన్నాయన కౌంటర్ దగ్గర నిలబడి అరుస్తుంటాడు. కాబట్టి ఈ పేచీ రెండు వైపుల నుంచీ నా చెవిన పడుతుంది. కింద ఉన్నవన్నీ జనం నన్ను అడిగేవే. చట్టం ఏమంటుంది, అంగళ్లలో ఆనవాయితీ ఏమిటి, నా సొంత అభిప్రాయం ఏమిటి అన్నది ఎక్కడికక్కడ విడదీసి చెప్తాను. కౌంటర్ గొడవల్లో చాలా భాగం ఈ మూడూ కలిపేయడం వల్లే వస్తాయి.

ర్యాకు మీద రూ.99 అని ఉంది, బిల్లులో రూ.129 పడింది. ఏది కట్టాలి?

రూ.99కే ఇమ్మని అడగండి. మామూలుగా ఇచ్చేస్తారు. ముప్పై రూపాయల కోసం వెనక క్యూ మొత్తం నిలబెట్టుకోవడం ఏ మేనేజరుకూ ఇష్టం ఉండదు.

ఇది ఆనవాయితీ. చట్టం మాట కొంచెం మెలికగా ఉంటుంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నాలుగు రకాల ధరలున్నాయి, వాటి కన్నా ఎక్కువ వసూలు చేస్తే మీరు ఫిర్యాదు చేయవచ్చు: చట్టం నిర్ణయించిన ధర, సరుకు మీద గానీ ప్యాకెట్టు మీద గానీ వేసిన ధర, చట్ట ప్రకారం అంగట్లో తగిలించిన ధరల పట్టీలోని ధర, ఇద్దరూ ఒప్పుకున్న ధర. ర్యాకు అంచుకు దూర్చిన చిన్న కాగితం పేరు పెట్టి ఇందులో లేదు. కానీ ధర విషయంలో జనాన్ని తప్పుదారి పట్టించడాన్ని అదే చట్టం అనుచిత వ్యాపార పద్ధతి అంటుంది. రూ.99 అని రాసి పెట్టి, ఏమీ చెప్పకుండా రూ.129 లాగేసి, అడిగితే ‘కంప్యూటర్‌లో అట్లే ఉంది సార్’ అనడం ఆ మాట కిందికి వస్తుంది. కంప్యూటర్‌లో ఉన్నది వాళ్లు ఎక్కించిందే గదా.

సరే, ‘ఆ ధరకు అమ్మం, కావాలంటే రూ.129 కట్టండి, లేకుంటే పెట్టేసి పోండి’ అంటే?

ఆ మాట అనే హక్కు వాళ్లకు ఉంది. చాలామందికి ఇది మింగుడు పడదు. ‘రాసినాక అమ్మి తీరాలి’ అని కౌంటర్ మీద చెయ్యి కొట్టి చెప్పేవాళ్లను చాలామందిని చూశాను.

మన కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. ఒకరు ప్రతిపాదించాలి, ఇంకొకరు ఒప్పుకోవాలి, అప్పుడే ఒప్పందం. ర్యాకులో సరుకు పెట్టి ధర రాయడం ప్రతిపాదన కాదు, ‘వచ్చి అడగండి’ అని పిలవడం మాత్రమే అని కోర్టులు చెప్తూ వచ్చాయి. దీనికి అందరూ చూపించే తీర్పు 1953లో ఇంగ్లండులో బూట్స్ అనే మందుల అంగడి మీద వచ్చింది. అప్పటికి సెల్ఫ్ సర్వీసు కొత్త. బుట్టలో వేసుకోగానే అమ్మకం అయిపోయినట్టా, కౌంటర్‌లో డబ్బు తీసుకున్నాకనా అన్నది ప్రశ్న. కౌంటర్‌లోనే అని తేల్చారు. కొనేవాడు బుట్ట ముందు పెట్టి ‘ఇవి ఇవ్వండి’ అంటాడు, అంగడి ఒప్పుకుంటే బేరం కుదిరినట్టు.

దీనివల్ల మీకూ ఒక లాభం ఉంది. బుట్టలో వేసుకున్నంత మాత్రాన మీరు కొనాల్సిన పని లేదు. బిల్లులో ధర నచ్చకపోతే తీసి పక్కన పెట్టేయండి, ‘బిల్లు వేసేశాం, క్యాన్సిల్ కాదు’ అంటే నమ్మకండి. క్యాన్సిల్ చేసే మీట లేని బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నేను చూడలేదు. సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ కావాలి, అంతే.

అసలు ఇన్ని తప్పులు ఎందుకు పడతాయి? కావాలనే చేస్తారా?

కావాలని చేసేవాళ్లు లేరని చెప్పను. కానీ నేను విప్పి చూసినవాటిలో ఎక్కువ భాగం బద్ధకం, తొందర.

అన్నిటికన్నా మామూలు తప్పు రెండు లాట్లది. ఒక నూనె ప్యాకెట్టుకు బార్‌కోడ్ ఒకటే. పోయిన నెల వచ్చిన లాటు మీద ఎమ్మార్పీ ఒకటి, ఈ నెల లాటు మీద ఇంకొకటి. రెండూ ర్యాకులో కలిసి ఉంటాయి. స్కాన్ చేయగానే తెర మీద చిన్న పెట్టె తెరుచుకుని రెండు ధరలు చూపించి ఏది కావాలో అడుగుతుంది. ఆదివారం సాయంత్రం ఏడు గంటలప్పుడు కౌంటర్‌లో కూర్చున్న అమ్మాయిని గమనించండి. ఎడమ చేత్తో ప్యాకెట్టు తోస్తూ కుడి చేత్తో ఎంటర్ కొడుతూ ఉంటుంది. పెట్టె తెరుచుకోవడమూ మూసుకోవడమూ ఒకే క్షణంలో అయిపోతుంది. ఎంటర్ కొడితే పై వరుసలో ఉన్న ధర పడుతుంది. పై వరుసలో కొత్త లాటు ఉంటే పాత ప్యాకెట్టుకు కొత్త రేటు, పాత లాటు ఉంటే కొత్త ప్యాకెట్టుకు పాత రేటు. మొదటి దానికి మీరు గొడవ పడతారు, రెండో దాన్ని ఎవరూ గమనించరు.

రెండోది ఆఫర్ గడువు. సాఫ్ట్‌వేర్‌లో ఆఫర్ ఆదివారం అర్ధరాత్రికి తనంతట తానే ఆగిపోతుంది. ర్యాకు మీది పసుపుపచ్చ కాగితం మాత్రం ఎవరో ఒక పిల్లోడు నిచ్చెన వేసుకుని పీకితే గానీ పోదు. ఆ పిల్లోడు సోమవారం పదకొండుకు వస్తాడు. తొమ్మిదికి వచ్చినవాళ్లకు పేచీ ఖాయం.

ఇంకొకటి కేసు ధర, అంటే పెట్టె మొత్తం ధర, పీసు ధర తారుమారు కావడం. సబ్బుల పెట్టె ఒకటి కొన్న ధరను ఒక్క సబ్బుకు కొడితే బిల్లు చూసి గుండె ఆగుతుంది. తిరగేసి కొడితే పెట్టె మొత్తం సబ్బు ధరకు పోతుంది. పప్పులు, బియ్యం తూచే కాటా దగ్గర ప్రతి సరుకుకూ ఒక నంబరు ఉంటుంది. కందిపప్పు 12, శనగపప్పు 21 అనుకోండి, తూచే అబ్బాయి వేలు తారుమారైతే కందిపప్పు సంచి మీద శనగపప్పు చీటీ అంటుకుంటుంది. కౌంటర్‌లో అమ్మాయి చీటీ స్కాన్ చేస్తుందే గానీ సంచిలో చెయ్యి పెట్టి చూడదు. మీరైనా చీటీ మీద పేరు చదువుకోండి, రెండు పప్పుల ధరల మధ్య తేడా తక్కువేమీ కాదు.

ఎమ్మార్పీ కన్నా ఎక్కువ తీసుకోవచ్చా?

తీసుకోకూడదు. ఇందులో మెలిక లేదు. ప్యాకేజ్డ్ సరుకుల నియమాలు 2011లో వచ్చాయి, ప్యాకెట్టు మీద వేసిన ఎమ్మార్పీ కన్నా ఎక్కువకు ఏ చిల్లర వ్యాపారీ అమ్మకూడదని వాటిలో స్పష్టంగా ఉంది. పన్నులన్నీ ఎమ్మార్పీలోనే కలిసి ఉంటాయి, కాబట్టి పైన జీఎస్టీ కలిపి అడగడమూ తప్పే. బస్టాండులో, సినిమాహాలు పక్కన, తిరునాళ్లలో ‘కూలింగ్ చార్జీ’ అని రెండో మూడో రూపాయలు ఎక్కువ గుంజుతారు గదా, దానికి ఏ చట్టంలోనూ చోటు లేదు.

ఒక్క మినహాయింపు ఉంది. హోటల్లో కూర్చుని నీళ్ల బాటిల్ తెప్పించుకుంటే అక్కడ ఎమ్మార్పీ వర్తించదని సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో చెప్పింది. కుర్చీ, ఫ్యాను, వడ్డన అన్నీ కలిపి సేవ అని దాని తర్కం. హోటలు గుమ్మం పక్కనున్న కిళ్లీ కొట్టుకు ఆ తర్కం వర్తించదు.

ప్యాకెట్టు మీద ఇంకో ధర స్టిక్కర్ అతికించారు. చెల్లుతుందా?

తగ్గించి అతికిస్తే చెల్లుతుంది, అది కూడా కింద కంపెనీ అచ్చువేసిన ధర కనిపిస్తూ ఉండాలి. పెంచి అతికించడం, పాత ధర గీకేయడం, తుడిచేయడం నేరం. స్టిక్కర్ అంచు గోటితో లేపి చూడండి, కింద తక్కువ ధర ఉంటే అది మీరు గెలిచే కేసు.

జీఎస్టీ తగ్గిందన్నారు, ప్యాకెట్టు మీద పాత ధరే ఉంది. ఎవరిది తప్పు?

2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ రేట్లు మారాయి. షాంపూ, సబ్బు, టూత్‌పేస్టు, తలనూనె లాంటివి 18 శాతం నుంచి 5 శాతానికి వచ్చాయి. లెక్క ఇట్లా వేసుకోండి: పన్నుతో కలిపి రూ.118కి అమ్మిన షాంపూలో సరుకు ధర రూ.100, పన్ను రూ.18. 5 శాతం పన్నుతో అది రూ.105 కావాలి. అప్పటికే అంగళ్లకు చేరిన సరుకు మీద పాత ధర అచ్చు పడి ఉంది కాబట్టి కొత్త ధర విడిగా వేసుకునేందుకు కేంద్రం వెసులుబాటు ఇచ్చింది, పాత ధర కనిపించాలన్న షరతుతో. ఆ నెలలో మా ఆఫీసు ఫోను పెట్టింది లేదు. సాఫ్ట్‌వేర్‌లో పన్ను శాతం మార్చి ధర మార్చడం మరిచిన అంగళ్లున్నాయి. పన్ను తగ్గింది, మొత్తం మాత్రం అంతే, మధ్యలో మిగిలింది అంగడి పద్దులో కూర్చుంది. బిల్లు కింద పన్ను వివరం చిన్న అక్షరాల్లో ఉంటుంది, దాన్ని చూస్తే ఇట్టే పట్టుకోవచ్చు.

తక్కువ ధరకు బిల్లు వేశారు. డబ్బు కట్టి ఇంటికి వచ్చేశాను. ఇప్పుడు ఫోన్ చేసి మిగతాది కట్టమంటున్నారు. కట్టాలా?

రెండు రకాలున్నాయి, కలపకండి.

ఒకటి, ధరే తప్పు పడింది. మిక్సీ రూ.3,400ది రూ.2,400 అని కొట్టారు, మీరు కట్టారు, వాళ్లు తీసుకున్నారు, మీకు అసలు ధర తెలియదు. ఒప్పందం ముగిసింది. ఒక పక్షం మాత్రమే పొరబడినంత మాత్రాన ఒప్పందాన్ని రద్దు చేసుకోవడం కుదరదని కాంట్రాక్టు చట్టం 22వ సెక్షన్ చెప్తుంది. వాళ్లు అడగవచ్చు, బలవంతం చేయలేరు. ఇస్తే మీ మంచితనం. నా వరకైతే, చిన్న అంగడైతే ఇచ్చేస్తాను, మళ్లీ రేపు అప్పుకు పోయేది ఆయన దగ్గరికే.

రెండోది, ధర సరిగ్గానే ఉంది కానీ రెండు వస్తువులు తీసుకుంటే ఒకటే స్కాన్ అయింది. ఇది ధర తప్పు కాదు. రెండో వస్తువుకు మీరు డబ్బే కట్టలేదు. అది కట్టాలి, లేదా తిరిగి ఇవ్వాలి. ‘మీ తప్పు, నాకేం సంబంధం’ అనడానికి ఇక్కడ ఆధారమే లేదు.

చిల్లర ఎక్కువ ఇచ్చారు. లేదా నేనే ఫోన్‌పేలో రూ.150 బదులు రూ.1,500 కొట్టాను.

రెండింటికీ సమాధానం ఒకటే, కాంట్రాక్టు చట్టం 72వ సెక్షన్. పొరపాటున వచ్చిన డబ్బు ఎవరికి వచ్చిందో వాళ్లు తిరిగి ఇవ్వాలి. అంగడాయన మీకిచ్చిన వంద ఎక్కువైనా, మీరు ఆయనకు కొట్టిన సున్నా ఎక్కువైనా తేడా లేదు. యూపీఐలో మీ వేలితో మీరే పంపిన డబ్బును బ్యాంకు తనంతట తాను వెనక్కు లాగదు, కాబట్టి అక్కడికక్కడే, సౌండ్‌బాక్స్ ‘పదిహేను వందలు’ అని అరిచినప్పుడే చెవి పెట్టి వినండి. పది నిమిషాలు దాటితే కౌంటర్‌లో మనిషి మారతాడు, షిఫ్టు మారుతుంది, ఆ డబ్బు ఆ రోజు లెక్కలో కలిసిపోతుంది.

తప్పు ధరకు అమ్మితే నష్టం ఎవరు భరిస్తారు? అంగడా?

ఈ ప్రశ్న నన్ను తక్కువ మంది అడుగుతారు, ఎక్కువ మంది అడగాలి. చాలా చోట్ల రాత్రి లెక్క తగ్గితే కౌంటర్‌లో కూర్చున్న అమ్మాయి జీతంలో కోస్తారు. తప్పు ఆమెది కాకపోయినా సరే. ధర ఎక్కించింది ఆఫీసు గదిలో కూర్చున్నాయన, ఆఫర్ కాగితం పీకనిది ఇంకొకడు, కోత మాత్రం ఈమెకు. తన నిర్లక్ష్యం వల్ల జరిగిన నష్టానికే కోత పెట్టవచ్చని, అది కూడా సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇచ్చాకే అని వేతన చట్టాలు చెప్తాయి. మీరు ర్యాకు ధరకే ఇమ్మని అడిగేటప్పుడు ‘బిల్లులో మార్చి ఇవ్వండి, ధర తేడా కారణం అందులో రాయండి’ అనండి. సాఫ్ట్‌వేర్‌లో ఆ నమోదు ఉంటే రేపు ఆమె మీద పడదు. చేతి నుంచి ఇరవై రూపాయలు తీసి మీకిస్తే మాత్రం అవి ఆమె డబ్బులే.

ఆన్‌లైన్‌లో లాప్‌టాప్ రూ.190కి పెట్టారు. ఆర్డర్ పెట్టాను, క్యాన్సిల్ చేశారు. ఏమైనా వస్తుందా?

అచ్చం ఇదే జరిగింది. 2014లో ఒడిశాలో ఒక న్యాయవిద్యార్థి అమెజాన్‌లో రూ.23,499 లాప్‌టాప్ రూ.190కి కనిపిస్తే ఆర్డర్ పెట్టాడు. ముందు ఖాయమైనట్టు సందేశం వచ్చింది, కాసేపటికి ధరలో తేడా ఉందని రద్దు చేశారు. వినియోగదారుల ఫోరానికి పోయాడు. 2021లో ఒడిశా రాష్ట్ర వినియోగదారుల కమిషన్ అతనికి పరిహారంగా రూ.40,000, ఖర్చులకు రూ.5,000 ఇమ్మంది. ఇక్కడ చదవాల్సింది ఏమిటంటే, లాప్‌టాప్ రూ.190కి ఇమ్మని కాదు, మనిషిని తిప్పించినందుకు డబ్బు ఇమ్మన్నారు. దానికి ఏడేళ్లు పట్టింది.

ఆన్‌లైన్ కంపెనీలు తెలివైనవి. వాళ్ల నిబంధనల్లో సాధారణంగా ఇట్లా ఉంటుంది: మీరు ఆర్డర్ పెట్టడం మీ ప్రతిపాదన మాత్రమే, సరుకు పంపినప్పుడే వాళ్లు ఒప్పుకున్నట్టు. అందుకే ‘ఆర్డర్ అందింది’ అన్న సందేశం చూసి పండగ చేసుకోకండి, ‘పంపించాం’ అన్న సందేశం వచ్చేదాకా ఆగండి. పంపించాక మీ పట్టు బాగా పెరుగుతుంది.

2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ నియమాల్లో మనకు పనికొచ్చేవి రెండున్నాయి. కంపెనీ తనంతట తాను రద్దు చేసినప్పుడు అదే రకం చార్జీ తానూ భరించకపోతే, మీరు రద్దు చేసినందుకు మీ దగ్గర చార్జీ తీసుకోకూడదు. ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో మీ ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోపు తేల్చాలి. మొదటి నియమం ఎంతమంది వాడుకుంటున్నారో గానీ, వాడితే మాట మారుతుంది. క్యాన్సిల్ చేసినందుకు డబ్బు కోసుకున్నారా, ‘మీరు క్యాన్సిల్ చేసినప్పుడు నాకెంత ఇచ్చారు?’ అని రాసి పంపండి.

బయటి దేశాల్లో తప్పు ధరకే ఇచ్చేస్తారట గదా?

కొందరు ఇచ్చారు, కొందరు ఇవ్వలేదు, దేశానికంటే కంపెనీ లెక్క ముఖ్యం. 1999లో ఇంగ్లండులో ఆర్గోస్ సంస్థ 299 పౌండ్ల టీవీని వెబ్‌సైట్‌లో 3 పౌండ్లకు పెట్టింది. ఆర్డర్లు కుప్పలు పడ్డాయి, ఇవ్వనంది. 2002లో కోడక్ 329 పౌండ్ల కెమెరాను 100 పౌండ్లకు పెట్టి, మొదట కుదరదంది, జనం పట్టుబడితే ఇచ్చింది. కోడక్ ధర తక్కువే గానీ నమ్మదగ్గట్టు ఉంది, మూడు పౌండ్ల టీవీని ఎవరు నమ్ముతారు? 2019 కొత్త సంవత్సరం రోజున కాథే పసిఫిక్ విమానసంస్థ వియత్నాం నుంచి న్యూయార్క్‌కు బిజినెస్ క్లాసు టికెట్టు రానూపోనూ 675 డాలర్లకే అమ్మేసింది, తప్పని తెలిసీ ప్రయాణికులను ఎక్కించుకుంది. అంతకు వందింతలు ప్రచారం ఊరికే వచ్చింది లెండి.

కెనడాలో 2002 నుంచి ఒక స్వచ్ఛంద నియమావళి ఉంది. ఒప్పుకున్న అంగళ్లలో ర్యాకు ధర కన్నా స్కానర్ ధర ఎక్కువ పడితే, వస్తువు 10 డాలర్లలోపుదైతే ఉచితం, అంతకన్నా ఎక్కువదైతే 10 డాలర్లు తగ్గింపు. అక్కడి నుంచి సెలవులకు వచ్చిన పిల్లలు ఇక్కడి కౌంటర్‌లో అదే అడిగి వింత ముఖాలు చూస్తుంటారు. మన దగ్గర అట్లాంటి నియమావళి లేదు. ఉంటే బాగుండేది, ర్యాకు కాగితం సోమవారం ఎనిమిదికే ఊడిపోయేది.

తప్పు ధర అని నాకు తెలుసు. తెలిసే పది కొన్నాను. తప్పా?

ఒకటి కొంటే ఎవరూ ఏమీ అనరు. పది కొంటే మీకు తెలుసని మీరే చెప్పినట్టు. 2003లో సింగపూరులో 3,854 డాలర్ల లేజర్ ప్రింటర్ వెబ్‌సైట్‌లో 66 డాలర్లకు పడింది. ఆరుగురు మిత్రులు అర్ధరాత్రి ఒకరికొకరు చెప్పుకుని 1,606 ప్రింటర్లు ఆర్డర్ పెట్టారు. కేసు పైకోర్టు దాకా పోయింది, 2005లో వాళ్లు ఓడిపోయారు. ధర తప్పని తెలిసీ ఎగబడినవాళ్లకు ఒప్పందం రక్షణ ఉండదని తీర్పు. వాళ్లు మిగతా సైట్లలో అసలు ధర వెతికి చూసుకున్నారన్న సంగతే వాళ్లను ముంచింది. మన కోర్టులకు అది కట్టుబడాల్సిన తీర్పు కాదు, కానీ అంగడి తరఫు వకీలు చదివి వినిపించేది అదే.

బట్టల అంగట్లో చీరకు వేరే చీర ట్యాగు ఉంది.

ధర్మవరం పట్టు మీద సిల్కు కాటన్ ట్యాగు ఉంటే కౌంటర్‌లోనే పట్టుకుంటారు, ఎందుకంటే అక్కడ మడత విప్పి చూసేవాళ్లకు రకం తెలుసు. అప్పుడు అమ్మబోమంటే మీరు చేయగలిగింది లేదు. బిల్లు అయిపోయిన తర్వాతైతే పైన మిక్సీకి చెప్పిందే దీనికీ. ట్యాగు మీరే మార్చి ఉంటే అది ధర తప్పు కాదు, మోసం, భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్. ట్రయల్ రూము బయట కెమెరా ఉంటుందని గుర్తుంచుకోండి.

ప్రొద్దుటూరులో బంగారం కొన్నాం. బోర్డు మీద రేటు ఒకటి, బిల్లులో ఒకటి.

ముందు ఏ రేటు చూశారో చూసుకోండి. బోర్డు మీద 24 క్యారెట్లు, 22 క్యారెట్లు రెండూ ఉంటాయి, నగ 22లో ఉంటుంది. తరుగు, మజూరి కలిపాక మొత్తం మీద 3 శాతం జీఎస్టీ పడుతుంది. ఇవన్నీ పోయాక కూడా తేడా ఉంటేనే అది తేడా. ఉదయం పదకొండుకు ఒక రేటు, మధ్యాహ్నం ఇంకో రేటు ఉండే రోజులివి, బోర్డు మార్చే కుర్రాడు టీకి పోతే పాత రేటే వేలాడుతుంటుంది.

ఇక్కడ మీకు బలం ఇచ్చేది బోర్డు కాదు, చీటీ. పెళ్లికి ముందే అడ్వాన్సు కట్టి రేటు ఖాయం చేసుకుంటారు గదా, ఆ చీటీ మీద గ్రాము రేటు, తేదీ, ఎన్ని గ్రాములకో రాయించుకోండి. అది ‘ఇద్దరూ ఒప్పుకున్న ధర’, వినియోగదారుల చట్టంలో నాలుగోది. రేటు పెరిగాక ‘అది వట్టి మాట అమ్మా’ అంటే ఆ కాగితం చాలు. నోటిమాట మీద నాలుగు తరాలుగా నడిచిన అంగళ్లు ప్రొద్దుటూరులో ఉన్నాయి, వాళ్ల మాట మీద నాకు గౌరవమే. అయినా రాయించుకోండి, వాళ్లూ ఏమీ అనుకోరు. బిల్లులో నికర బరువు, స్వచ్ఛత, హాల్‌మార్క్ చార్జీ విడివిడిగా ఉండాలి. నగ మీద అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే గుర్తింపు కోడ్, హెచ్‌యూఐడీ, 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి, బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి అక్కడే చూసుకోవచ్చు.

బిల్లు ఇవ్వలేదు. తెల్ల కాగితం మీద రాసిచ్చారు.

బిల్లు ఇవ్వకపోవడం కూడా 2019 చట్టంలో అనుచిత వ్యాపార పద్ధతే. అడిగి తీసుకోండి. ధర పేచీలో బిల్లు లేని మనిషి మాట ఎవరూ వినరు.

ఫిర్యాదు ఎక్కడ, ఎట్లా?

కౌంటర్ దగ్గరే మొదలుపెట్టండి, కానీ ముందు మూడు ఫొటోలు తీయండి: ర్యాకు మీది ధర కాగితం, ప్యాకెట్టు మీది ఎమ్మార్పీ, బిల్లు. ర్యాకు ఫొటోలో పక్క సరుకు కూడా పడేలా తీయండి, లేకుంటే ‘అది ఈ అంగడిది కాదు’ అంటారు. ఫొటో బిల్లుకు ముందు తీస్తేనే పని, మీరు గొడవ మొదలుపెట్టిన రెండు నిమిషాలకు ఆ కాగితం మాయమవుతుంది.

ఎమ్మార్పీ మీద ఎక్కువ గుంజితే, స్టిక్కర్ గోల్‌మాల్ అయితే తూనికలు కొలతల శాఖ అధికారి. మిగతా వాటికి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులో మాట్లాడవచ్చు. ఇరవై రూపాయల పేచీకి వినియోగదారుల కమిషన్ దాకా పోవడం దండగ, 1915కు పోవడం దండగ కాదు. వాళ్లు కంపెనీకి పంపితే పెద్ద గొలుసు అంగళ్లు మామూలుగా జవాబిస్తాయి. వీధి చివరి చిన్న అంగడికి ఇది పెద్దగా తగలదు, అక్కడ నలుగురిలో అడగడమే మందు.

మొత్తం పెద్దదైతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు చెల్లించిన మొత్తం రూ.50 లక్షల దాకా అక్కడే, రూ.5 లక్షల దాకా ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. పేచీ పుట్టిన రెండేళ్లలోపు వేయాలి. 2025 జనవరి నుంచి ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయవచ్చు.

కంపెనీ ఆఫీసు బెంగళూరులో ఉంది. అక్కడికి పోవాలా?

అక్కర్లేదు. 2019 చట్టం వచ్చాక మీరు ఉండే ఊళ్లోనో, మీరు పని చేసే ఊళ్లోనో వేయవచ్చు. కడపలో ఉంటే కడపలోనే. వాళ్ల వకీలే ఇక్కడికి రావాలి, రూ.3,000 మిక్సీ కోసం రానూపోనూ ఖర్చు లెక్క వేసుకుని చాలా కంపెనీలు నోటీసు అందగానే మీకు ఫోన్ చేస్తాయి. ఆ ఫోన్‌లో ‘వోచర్ ఇస్తాం’ అంటారు. డబ్బే ఇమ్మనండి.